బుల్లమ్మ తీగకు ఎండ తగిలింది

ఉద్దానం మొత్తం మీద సూర్యుడు భయపడేది ఒక్క బుల్లమ్మకే. మిగతా ఊళ్ల మీద ఇష్టమొచ్చినట్టు ఎగబడే ఆ మహానుభావుడు, కవిటి దాటి సముద్రం వైపు పోయే దారిలో ఆమె తోట దగ్గరికి వచ్చేసరికి చెప్పులు విప్పి చేత పట్టుకునేవాడు. ఒళ్లు సన్నం చేసుకుని, కొబ్బరి మట్టల సందుల్లోంచి గోరంత గోరంతగా దిగి, పనస చెట్టు దగ్గర ఓ క్షణం నిలబడి, ఎవరూ చూడకముందే జారుకునేవాడు. బుల్లమ్మ నడుం మీద చెయ్యేసుకుని తలెత్తి చూసిందంటే ఆ గోరంత కూడా మట్ట చాటుకు తప్పుకునేది. డెబ్భై దాటిన మనిషి, మనవడి భుజం దాకా కూడా రాదు, సూర్యుణ్ణి గుమ్మం బయట నిలబెట్టింది. ఇంకెవరైనా నిలబెట్టి ఉంటే వచ్చి చెప్పండి.

ఈ ప్రచారం మొదలుపెట్టినవాడు ఆమె మనవడు గోపి. విజయనగరంలో డిగ్రీకి చేరి, వృక్షశాస్త్రం దగ్గర చతికిలపడి, చదువు సగంలో పెట్టె సర్దుకుని వచ్చేసిన మేధావి. "సూరీడేటి, నాకు భయపడ్డమేటి, ఎదవ మాటలూ నువ్వూ" అని బుల్లమ్మ కసిరేది. కసిరిన నోటితోనే, తోటలోకి కొత్తవాళ్లు ఎవరొచ్చినా, "నడేసవిలో కూడా ఇక్కడ నెత్తి మీద కొంగెయ్యక్కర్లేదు, సూడండి" అని గొప్పగా చెప్పేది.

తోట అంత చిక్కగా ఉండేది. పైన మావగారు పాతిన కొబ్బరి చెట్లు, వాటి కింద జీడిమామిడి, పనస, వాటి కింద అరటి. అన్నిటికంటే కింద, పచ్చటి చీకట్లో, పనస మాను చుట్టూ అల్లుకుని తమలపాకు తీగ. ఆకు అరచెయ్యంత వెడల్పు, నలుపు తిరిగిన ఆకుపచ్చ, కాగితంలా పలచన. నోట్లో వేసుకుంటే నమిలే పని లేకుండా కరిగిపోయేది. ఊళ్లో ఎవరి పిల్లకి సంబంధం కుదిరినా తాంబూలానికి ఆకు ఈ తీగ నుంచే వెళ్లాలి. కొట్లో కొన్న ఆకు పళ్లెంలో పెడితే వియ్యాలవారు చిన్నచూపు చూస్తారని అక్కడివాళ్ల భయం.

అంత మర్యాద గల తీగ దొంగసొమ్ము.

బుల్లమ్మ కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, కాలవ అవతలి ఊళ్లో ఉన్న అప్ప లక్ష్మణమ్మ ఇంటికి వెళ్లింది. అప్ప పెరట్లో ఈ తీగ చూసి ఒక ముక్క ఇమ్మని అడిగింది. "నీ సేతిలో మొండి సెట్టు కూడా బతకదు, నీకెందుకే" అంది లక్ష్మణమ్మ. బుల్లమ్మ నవ్వి ఊరుకుంది. అప్ప వంటింట్లోకి వెళ్లగానే రెండు కణుపుల ముక్క తుంచి, కొప్పులో దోపి, పైన కనకాంబరాలు పెట్టుకుని, బుద్ధిమంతురాలిలా నడుచుకుంటూ ఇంటికొచ్చేసింది. కొన్నేళ్ల తరవాత ఎవరి పెళ్లిలోనో లక్ష్మణమ్మ ఆకు నోట్లో పెట్టుకుని, నమలడం ఆపి, చెల్లెలి వైపు చూసింది. పెళ్లి పందిట్లో పెద్ద రభస అయింది. ఆనాటి నుంచి బుల్లమ్మకు 'కొప్పులో తీగ' అని పేరు. అప్పచెల్లెళ్లు మాటలు మానేసి, మళ్లీ కలిసి, మళ్లీ మానేసి ముసలివాళ్లయ్యారు. లక్ష్మణమ్మ వచ్చిన ప్రతిసారీ ఆకు మడుస్తూ, "నా ఆకు నాకే పెడతన్నావేటే" అనేది. "నచ్చకపోతే ఉమ్మీ" అనేది బుల్లమ్మ. ఏ ఒక్కసారీ ఉమ్మలేదు.

రెండు వేల పద్దెనిమిది అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. గురువారం తెల్లారేసరికి ఇంటి పెంకులు వీధిలో ఉన్నాయి. బుల్లమ్మ తలుపు తీసి చూసింది. తోట ఉన్నచోట ఆకాశం ఉంది. కొబ్బరి చెట్లు కొన్ని వేళ్లతో సహా పడుకున్నాయి, కొన్ని నడిమికి విరిగి మొండేలుగా నిలబడ్డాయి. ఆమె ఏడవలేదు. ఎటు చూసి ఏడవాలో తెలియక అరుగు మీద కూచుండిపోయింది. గోపి చెయ్యి పట్టుకుని లేపబోతే, "ఇది మన తోట కాదురా, దారి తప్పాం" అంది.

పడిన చెట్లను దాటుకుంటూ పనస దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నమైంది. పనసకు కొమ్మలు లేవు, మాను మాత్రం ఉంది. దాని మీదికి రెండు కొబ్బరి తలకాయలు మట్టలతో సహా ఒరిగి గుడిసెలా కప్పేశాయి. గోపి మట్ట ఎత్తి చూశాడు. కింద తీగ ఉంది. ఒక్క ఆకు చిరగలేదు. తడి ఆరని నల్లటి పచ్చదనం నిగనిగలాడుతోంది.

"ఓలమ్మా" అంది బుల్లమ్మ. ఆ రోజు ఆమె నోట్లోంచి వచ్చిన రెండో మాట అదే.

శుక్రవారం పొద్దున్న లక్ష్మణమ్మ వచ్చింది. బస్సుల్లేవు, దారంతా చెట్లే. దుంగల మీంచి దిగి, వంగి, మోకాళ్లు కొట్టుకుపోయి వచ్చింది. ఆమె పెరట్లో మునగ చెట్టు కూలి, దాన్ని పట్టుకున్న తీగ మట్టిలో కలిసిపోయింది.

"నా తీగ పోయిందే బుల్లీ. మొదలంటా పోయింది. ఒక ముక్కియ్యి."

జీవితంలో మొదటిసారి అప్ప చెయ్యి చాచింది. బుల్లమ్మ అటూ ఇటూ చూసింది.

"ఇయాల సుక్కురోరం అప్పా. సుక్కురోరం ఇంట్లోంచి ఆకు బయటికి పోకూడదు."

"తుపానుకి సుక్కురోరమేటి, సన్యోరమేటి?"

"తుపానుకి లేకపోతే లచ్చిందేవికి లేదేటి? రేపో ఎల్లుండో రా. మంచి ముదురు ముక్క తీసి తడిగుడ్డలో సుట్టిస్తాను. దొంగతనంగా కాదు, పిలిచి మరీ ఇస్తాను."

శుక్రవారం పట్టింపు సాకు కాదు, ఆ ఇంట్లో అందరికీ ఉన్నదే. కానీ ఆ పూట ఆ పట్టింపు ఎంత కమ్మగా ఉందో బుల్లమ్మకొక్కదానికే తెలుసు. అప్ప ఇంకోసారి అడుగుతుంది కదా, అదీ సంగతి. లక్ష్మణమ్మ వచ్చిన దారినే దుంగలు దిగుతూ వెళ్లిపోయింది.

సాయంత్రానికి ఆ వార్త వీధంతా పాకింది. పక్కింటి చిన్నతల్లి వచ్చి, "నీ తీగ బతికిందట కదా పిన్నీ, ఏదీ, మట్టలే కనపడతన్నాయి?" అని అడిగింది. ఆ ఒక్క మాట చాలింది. ఊళ్లో ఎవరి తోటలోనూ చూపించడానికి పచ్చటిది ఏదీ మిగల్లేదు. ఆమెకు ఒకటుంది. పైగా పెరట్లో చెత్త కుప్పలా పడి ఉంటే ఊడవని ఇల్లాలంటారని ఆ వీధి ఆడవాళ్ల బెంగ. చీపురు పట్టకుండా ఒక పొద్దు గడిచిందంటే బుల్లమ్మకి అన్నం దిగదు. గోపిని, చిన్నతల్లి మొగుణ్ణి పిలిచి, ఒరిగిన కొబ్బరి తలకాయలు లాగించేసింది. మట్టలు ఈడ్పించింది. పనస చుట్టూ నేల అద్దంలా ఊడ్చింది. తీగ మీద పడ్డ నలకలు కొంగుతో తుడిచింది. "ఇప్పుడు గాలాడతాది తల్లికి" అంది.

వీధి వీధంతా వచ్చి చూసి వెళ్లింది. ఆ రాత్రి బుల్లమ్మ, సర్వం పోయిన ఊళ్లో, కాస్త గర్వంగా భోంచేసింది.

శనివారం ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. తుపాను వెళ్లిపోయిన తరవాత వచ్చే ఎండ తెలిసినవాళ్లకు తెలుసు. దుమ్ము ఉండదు, మబ్బు ఉండదు, అడ్డు అన్నదే ఉండదు. ఎన్నో ఏళ్లుగా గుమ్మం బయట నిలబడ్డవాడు చెప్పులతోనే లోపలికొచ్చి నట్టింట్లో కూచున్నాడు. మధ్యాహ్నానికి ఆకులు తలలు వేలాడేశాయి. బుల్లమ్మ దాహమనుకుంది. కరెంటు లేదు, మోటారు లేదు. ట్యాంకరు దగ్గర బిందె కోసం కొట్లాడి తెచ్చిన నీళ్లు, తాగడానికి తెచ్చినవి, తీగ మొదట్లో పోసింది. మొదలు తడిసింది. ఆకులు లేవలేదు.

మర్నాటికి ఆ నల్లటి పచ్చదనం వెలిసింది. ఉతికి ఉతికి రంగు పోయిన రవికలా ముందు పసుపు, తరవాత తెలుపు. ఎండ నేరుగా పడేచోట గోధుమరంగు మచ్చలు లేచాయి. ఒక ఆకు మీద ఇంకో ఆకు నీడ పడినచోట మాత్రం, ఆ నీడ ఆకారంలోనే, పచ్చగా మిగిలింది. బుల్లమ్మ ఆ నీడ అంచు మీద వేలు పెట్టి గోపిని పిలిచింది.

"ఏ పురుగురా ఇది? ఏ తెగులు?"

"పురుగు కాదు మామ్మా. వెలుగు."

"ఎకసెక్కాలా?"

గోపి గొంతుక్కూచున్నాడు. డిగ్రీ కాలేజీలో అతను మెలకువగా విన్న పాఠాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇది వాటిలో ఒకటి.

"ఆకు లోపల వెలుగుని పట్టుకోడానికి కొన్ని ప్రోటీన్లుంటాయి మామ్మా."

"ప్రోటీనంటే గుడ్లో ఉంటాదని అంగనవాడీలో సెప్పారు. నా ఆకులో గుడ్డుందేటిరా? దేవుడి ముందెడతన్నానురా నాను!"

"గుడ్డు కాదు, అదో జాతి. గంగులు మావ సముద్రంలో వల పరిచినట్టు ఇవి వెలుగు కోసం వల పరుచుకుని కూచుంటాయి. పట్టిన వెలుగుతోనే ఆకు వంట వండుకుంటాది. నీ తోటలో వెలుగు గోరంతే కదా. అందుకని నీ ఆకు పెద్ద పెద్ద వలలు పరిచింది. ఆ నలుపంతా అదే."

"మంచిదే కదేటి?"

"నీడున్నంత కాలం మంచిదే. ఎండ ఎక్కువైతే వండుకోలేనంత పడిపోతాది వలలో. అప్పుడు ఆ ప్రోటీన్లే కాస్త ఒళ్లు ముడుచుకుని, ఎక్కువైన వెలుగుని వేడి కింద మార్చి బయటికి వదిలేస్తాయి. నువ్వు అన్నం పొంగితే మూత జరిపి గంజి వార్చెయ్యవేటి? అలాగ. ఎండలో పుట్టిన ఏ పిచ్చాకైనా రోజూ చేసే పనే."

"మరి నాది ఎందుకు వార్సలేదు?"

"దానికి పొంగడమే తెలీదు. వార్చడానికి తోడు కావాలి. ఎండెక్కువైందని కనిపెట్టి చెప్పే ప్రోటీను ఇంకోటి ఉంటాది, పసుపు రంగు పదార్థమొకటి ఉంటాది. నీడాకులో అవి కొంచెం కొంచెమే. ఉన్నంతా వార్చింది, చాల్లేదు. వదల్లేని వెలుగు ఆకునే లోపల్నించి తినేస్తన్నాది."

బుల్లమ్మ తలెత్తి ఖాళీ ఆకాశం చూసింది. ఆ ఊళ్లో ఏ తీగకీ దొరకని నీడ తన తీగకి దొరికిందని ఇన్నేళ్లు మురిసింది. ఎండ పొడ తగిలితే అరటాకు కట్టింది.

"అంటే ముద్దు సేసి సెడగొట్టానంటావు."

 గోపి తలగోక్కుని, జనరేటరు దగ్గర ఛార్జింగు పెట్టుకొస్తానని లేచిపోయాడు. తిరిగొచ్చి, వృక్షశాస్త్రంలోనే పై చదువు చదువుతున్న క్లాస్‌మేటు హేమకు ఫోను చేశాడు. అప్పటికి లక్ష్మణమ్మ కూడా వచ్చింది. శనివారం మోకాళ్ల నొప్పులతో లేవలేక, ఆదివారం ఎవరో మోటారు సైకిలు మీద దింపితే వచ్చింది. ఒక తడిగుడ్డ కూడా తనే తెచ్చుకుంది. తెల్లబారిన తీగ చూసి ఆ గుడ్డ కొంగు కింద దాచేసింది.

"తెల్లబారిన ఆకు మళ్లీ పచ్చబడదంట" అన్నాడు గోపి ఫోను పెట్టేసి. "కొంచెం కొంచెంగా ఎండ చూపిస్తే కొంత అలవాటు పడేదంట. ఒక్కసారే పడిపోయింది. ముదురాకులు పెద్దగా నేర్చుకోలేవు. కొత్తాకు పుడితే మటుకు వార్చే సరంజామాతోనే పుడతాదంట. మొదలు బతికుంటే."

"ముదురువి నేర్సుకోవని సెప్పడానికి ఫోనెందుకురా" అంది లక్ష్మణమ్మ. "మీ మామ్మని సూస్తే తెలీదేటి?"

బుల్లమ్మ ఔనన్నట్టు తలూపింది. అప్పుడు భయమేసింది గోపికి.

"ఒక ముక్క ఇప్పుడైనా తియ్యవే బుల్లీ, మా వసారాలో నీడున్నాది" అంది లక్ష్మణమ్మ నెమ్మదిగా. బుల్లమ్మ కత్తిపీట తెచ్చింది. ఒక కణుపు దగ్గర గీరి చూసింది, లోపల గోధుమరంగు. ఇంకా కిందికి గీరింది. అక్కడా అంతే. మట్టల కింద ఉన్నప్పుడు, శుక్రవారం నాడు, ఏ కణుపు కోసినా నీరు కారేంత పచ్చిగా ఉన్న తీగ. మొదలు దగ్గర మాత్రం జానెడు పచ్చగా ఉంది. అది కోస్తే ఎవరికీ లేకుండా పోతుంది. కత్తిపీట పక్కన పెట్టేసింది.

ఇక నీడ కావాలి. గోపి వాసాలు పాతి చీర కట్టాడు. ఇసక నేల, సముద్రపు గాలి. చీర తెరచాపలా ఉబ్బి వాసాలతో సహా లేచిపోయింది. మళ్లీ కట్టాడు, మళ్లీ లేచిపోయింది. ఊళ్లో ఉన్న మగచేతులన్నీ పైకప్పుల మీదే ఉన్నాయి, పెంకుల్లేని ఇళ్లలో పిల్లలు ఎండకి మాడుతున్నారు. ఒక తీగ కోసం ఎవర్ని రమ్మంటుంది? చివరికి ఎండ నెత్తి మీదికొచ్చే వేళకి బుల్లమ్మ తన నేతచీర ఒకటి తెచ్చి, మడత విప్పి ఒక అంచు పట్టుకుంది. లక్ష్మణమ్మ రెండో అంచు పట్టుకుంది. ఇద్దరు ముసలమ్మలు, ఊరంతా కూలిపోయి ఉండగా, ఒక జానెడు కాడకి గొడుగు పట్టి నిలబడ్డారు.

"ఎత్తి పట్టు."

"ఎత్తేను. నువ్వే మరుగుజ్జువి."

"సేతులు లాగెస్తన్నాయి అప్పా."

"కొప్పులో ఎట్టుకుపోయిన్నాడు లాగలేదేటి?"

లక్ష్మణమ్మ చెల్లెలింట్లోనే ఉండిపోయింది. రోజూ అదే పని. కింద ఆకులు ఒక్కొక్కటే రాలుతుంటే ఇద్దరూ వంగి చూడ్డం. ఆకు రాలుతున్న చప్పుడు కూడా వినబడేది. పైన అల్లరి చెయ్యడానికి కొబ్బరి మట్టల్లేవు మరి.

గంగులు, అంటే గోపి మావ వరసయ్యే జాలరి, పడవ పగిలి పనిలేక తిరుగుతూ ఈ వైభవం చూశాడు. "చీరైతే గాలి తన్నేస్తాది అత్తా, వలైతే లోపల్నించి పోనిస్తాది" అని తన పాత వల తెచ్చి, నాలుగు మడతలేసి, మొండి కొబ్బరులకి బిగించి కట్టాడు. సందుల్లో ఎండు మట్టలు గుచ్చాడు. వల నిలబడింది. కింద చుక్కలు చుక్కలుగా నీడ పడింది. అచ్చం పాత తోటలో పడ్డట్టే. అప్పటికి తీగకి ఒక్క ఆకూ లేదు.

సంక్రాంతి వెళ్లి చలి వదిలే రోజుల్లో మొదలు దగ్గర ఒక మొటిమ కనబడింది. ముందు చూసింది లక్ష్మణమ్మ. చూసి చెప్పకుండా రెండు రోజులు దాచుకుంది, తప్పని తేలితే చెల్లెలు తట్టుకోలేదని. అది ఆకే. రూపాయి బిళ్లంత. పసుపు కలిసిన ఆకుపచ్చ, పట్టుకుంటే తోలులా మందం. కొన్నాళ్లకి ఇంకోటి. గంగులు వల మడతలు ఒక్కొక్కటే తీసేశాడు, హేమ చెప్పినట్టు. ఆకులు మాడలేదు. గోపి ఎగిరి గంతేశాడు. "వార్చడం నేర్చుకుని పుట్టిందే మామ్మా!"

బుల్లమ్మ ఒక ఆకు తుంచి, సగం అప్పకి పెట్టి, సగం తను నమిలింది. ఘాటు. నాలుక మండింది. నమిలినా నమిలినా పిప్పి మిగిలింది. ఇద్దరూ ఒకేసారి ఉమ్మేశారు. ఇన్నేళ్లలో మొదటిసారి.

"ఇది నా తీగ కాదు" అంది లక్ష్మణమ్మ.

"నాదీ కాదు" అంది బుల్లమ్మ.

ఆ చైత్రంలో చిన్నతల్లి కూతురికి సంబంధం కుదిరింది. తాంబూలానికి సోంపేట బజారు నుంచి ఆకు కట్ట వచ్చింది. ఎవరూ చిన్నచూపు చూడలేదు, చూడడానికి ఊళ్లో ఎవరికీ మొహం లేదు. తోటలో కొత్త కొబ్బరి మొక్కలు పాతారు, మోకాలెత్తున ఉన్నాయి. అవి నీడ పట్టేదెప్పుడు? బుల్లమ్మ ఆ లెక్క నోటితో వేయలేదు. మొక్కల్ని చూసి, తన చేతులు చూసుకుని, లోపలికి వెళ్లిపోయింది. తీగ మాత్రం రోజుకింత పాకుతోంది. అప్పకి ఇవ్వడానికి రెండు కణుపులు చాలు. అయితే వేసవి ముందుంది. వల ఉన్నా, వార్పు నేర్చినా, ఈ ఎండకి నిలబడుతుందో లేదో హేమ కూడా చెప్పలేనంది.

ఇదంతా రాసి, గోపి పనస మాను దగ్గర కూచుని మామ్మకి చదివి వినిపించాడు. మడతలు తీసిన వల నడినెత్తి ఎండకి చాలదని, అప్పచెల్లెళ్లిద్దరూ మళ్లీ తీగ మీద చీర పట్టుకుని నిలబడే విన్నారు. సూర్యుడు చెప్పులు విప్పిన చోట లక్ష్మణమ్మ పడీ పడీ నవ్వింది. బుల్లమ్మ నవ్వలేదు. పైన, అడ్డు లేని ఆకాశంలో, పొద్దు నడినెత్తికి వస్తోంది.

"ఎలాగుంది మామ్మా? చివర్న నువ్వే గెలిచావని రాసెయ్యనా?"

"సూరీడు నన్ను సూసి భయపడితే నా తీగెందుకు మాడిందిరా, గాడిదా? ఆ నీడ నాను మళ్లీ సూడను, అది రాసుకో. రాసుకుని బేగి లెగు, అప్పకి సేతులు లాగుతన్నాయి, ఈ సీర కొస పట్టుకో."